మామూలు పిస్టన్

కొండవాలు ఇల్లు,
సోమవారం

చిన్నోడికి,

బాగున్నావా అని అడిగి కాగితం పాడుచేయను. బాగాలేకపోతే ముందు నువ్వే రాసేవాడివి.

మన నాలుగు చక్రాల ఏటీవీ బండి ఇంజన్ విప్పాం. విప్పాం అంటే విప్పింది నేను, కుర్చీలో కూర్చుని చెప్పింది మీ అన్నయ్య. ఒక నట్టు బిగుసుకుపోయి రాకపోతే, "ఎడమకి తిప్పమంటే ఎడమకే తిప్పాలి" అని మందలిస్తాడు. నేను తిప్పుతున్నదీ ఎడమకే. చివరికి హెడ్డు దించి చూస్తే, పిస్టన్ కదిలే బ్యారెల్ లోపలి గోడ మీద గోళ్లతో గీరినట్టు నిలువు గీతలున్నాయి. పిస్టన్ పక్కలు అరిగి నల్లబడ్డాయి. నీలం పొగ కక్కుతూ, ఆయిల్ తాగుతూ, మూడో మలుపు దగ్గర మొరాయిస్తూ వచ్చిందంటే మరి ఊరికే కాదు.

బ్యారెల్, పాత పిస్టన్ గుడ్డల్లో చుట్టి ఈ పెట్టెలో పెట్టాను. పాల వ్యాన్ డ్రైవరు నీ లేత్ షాపులో దింపుతానన్నాడు. ఫోన్లో చెబుదామంటే సిగ్నల్ కోసం కింది రోడ్డు దాకా దిగాలి. దిగడానికి బండి లేదు. పైగా ఇలాంటివి రాసి చెబితేనే నాకు కుదురు.

గీతలు పోయేలా బ్యారెల్ లోపల బోరు కొట్టి కొత్త పిస్టన్ వేయాలి. ఏ పిస్టన్ అన్నదగ్గరే మాకు పేచీ. మీ అన్నయ్య హై కంప్రెషన్‌ది వేయించమంటాడు. "ఏటీవీ అంటే గుర్రంలా లేవాలి, గేదెలా నడిస్తే ఎందుకు?" అంటాడు. నాకు గేదే కావాలి. నువ్వు ఎంచే ముందు ఇవి చూడు. నేను వెనక కట్టేది రెండు గ్యాస్ బండలు. వాటితో ఆగుతూ ఆగుతూ పై ఇళ్లకు ఎక్కాలి. కింద బంకులో దొరికేది మామూలు పెట్రోలు ఒక్కటే. సెల్ఫ్ లేని పాత బండి కాబట్టి కిక్కే దిక్కు. ఆ కిక్కు తొక్కేది నేను. బండలు తూచే కాటా మీద నిలబడితే ముల్లు యాభై దగ్గరే ఆగిపోయింది.

నేను బండెక్కి ఏడాది కావస్తోంది. మీ అన్నయ్య దీని మీంచే పడి తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు, పై ఇళ్లకు బండలు ఎవరు చేరుస్తారని గ్యాస్ ఏజెన్సీ నుంచి కబురొచ్చింది. "ఈ ఒక్కరోజుకీ నేను తీసుకెళ్తాలెండి" అన్నాను. ఆ ఒక్కరోజు ఇంకా అయిపోలేదు. పైన పిల్లలు నన్ను గ్యాసక్క అంటున్నారు. ఇంట్లో ఈ పేరు చెబితే మీ అన్నయ్య నవ్వలేదు.

ఇప్పటిదాకా రూటు ఆయన పేరునే ఉంది. వచ్చే నెల మొదటి సోమవారం ఏజెన్సీ వాళ్లు కొత్తగా రాస్తారు. వాళ్ల పద్ధతి నీకు తెలియదేమో. ఎవరు నడుపుతారో ఆ మనిషే యార్డులో అందరి ముందూ బండి స్టార్ట్ చేసి, బండలతో ర్యాంపు ఎక్కించి చూపాలి. అలా చేస్తే ఏడాదిపాటు రూటు ఆ మనిషిది. నేను పేరిచ్చాను.

మీ అన్నయ్య గురువారం గురువారం పాల వ్యాన్లో కింది ఆస్పత్రికి వెళ్లి కాలికి వ్యాయామం చేయించుకుని వస్తున్నాడు. నడుస్తాడు గానీ, చెరోవైపు కాలు వేసి బండి మీద కూర్చోవడం ఇక కుదరదని డాక్టరు నాతో విడిగా అన్నాడు. ఆయనతోనూ అన్నాడట. ఆయన నాకు చెప్పలేదు, నేనూ ఆయనకు చెప్పలేదు.

వదిన

*

లేత్ షాపు,
శుక్రవారం

వదినా,

నీ ఉత్తరం మా పార్టనర్‌కి చదివి వినిపించా. "ఈవిణ్ణి తెచ్చి మన కౌంటర్లో కూర్చోబెట్టరా, జబ్బు ఇంత వివరంగా చెప్పే కస్టమరు నాకింతవరకు తగల్లేదు" అన్నాడు. జీతం అడుగుతుందేమో అన్నా. అయితే వద్దన్నాడు.

బ్యారెల్ కొలిచా. గీతలు లోతుగానే ఉన్నాయి గానీ ఒక సైజు పెంచి బోరు కొడితే పోతాయి. భయం లేదు.

ఇక పిస్టన్ సంగతి. పేచీ అన్నావు కాబట్టి తీర్పు చెబుతున్నా. మామూలు దానికి తల చదునుగా ఉంటుంది. హై కంప్రెషన్ దానికి తల పైకి ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు వల్ల పైన జాగా తగ్గి, గాలీ పెట్రోలూ ఇంకా ఇరుగ్గా నొక్కుకుపోతాయి. కంపెనీ వాడు మీ బండికి తొమ్మిదింతలు నొక్కేలా చేశాడు. ఉబ్బుతల వేస్తే పదకొండున్నర. లాగుడు పెరుగుతుంది, అన్నయ్య చెప్పింది అబద్ధం కాదు. కానీ మంచి రకం పెట్రోలు తాగించాలి, లేకపోతే లోపల టకటకా కొట్టుకుంటుంది. బరువేసి నెమ్మదిగా ఎక్కిస్తే కాగిపోతుంది. కిక్కు రాయిలా ఉంటుంది. ఒక్కోసారి ఎదురు తంతుంది కూడా, ఆ తన్ను తిన్న కాలు వారం దాకా నేల మీద ఆనదు.

అది ఇసక దిబ్బల మీద పందేలు కట్టేవాళ్లకి, బండలు మోసేవాళ్లకి కాదు. నీకు మామూలుదే వేస్తా. అన్నయ్య అరిస్తే నా పేరు చెప్పు. ఇక్కడిదాకా వచ్చి కొట్టలేడుగా.

నువ్వు యార్డులో ర్యాంపు ఎక్కించే రోజు చూడాలని ఉంది. ఆ రోజుల్లో సైకిల్ మీద నన్ను వెనక కూర్చోబెట్టుకుని బడికి దింపేదానివి. ఎత్తు వస్తే "దిగి తొయ్యరా" అనేదానివి. ఇప్పుడెవణ్ణి తొయ్యమంటావు?

నీ చిన్నోడు

*

కొండవాలు ఇల్లు,
ఆదివారం

చిన్నోడికి,

నీ తీర్పు అందింది. మీ అన్నయ్య "ఏమన్నాడు వాడు?" అని అడిగితే మొత్తం చదివి వినిపించాను. మూతి విరిచి, "వాడికి స్పానరు పట్టుకోవడం నేర్పిందే నేను" అన్నాడు. తర్వాత అడిగాడు.

"మరి నేను ఎక్కినప్పుడు?"

"ఎక్కినప్పుడు చూద్దాం."

"అంటే ఎక్కనంటావు."

"నేనేం అనలేదు."

"ఇల్లు చూసుకోమంటే ఊరు చూస్తానంటావేంటి నువ్వు?"

అన్నం వడ్డించాను. తిన్నాడు. మొన్న గురువారం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆస్పత్రికి వెళ్లాడు. వ్యాయామం దగ్గర ఈసారి చాలాసేపు పట్టిందట.

నీకొక మాట చెప్పాలి. ఈ వాలు మీదికి కాపురానికొచ్చి ఇరవై రెండేళ్లు. మన ఇంటి పైన ఎన్ని కప్పులున్నాయో చూశాను గానీ వాటి కింద ఎవరున్నారో బండెక్కాకే తెలిసింది. చివరి మలుపులో రిటైరైన డ్రాయింగు టీచరు ఉంటుంది. బండ దించి, వాషర్ చూసి, స్టవ్ వెలిగించి చూపితే గానీ నన్ను వదలదు. వెలిగించాక "ఇంకాసేపుండు, మంట సరిగా ఉందో లేదో చూద్దాం" అంటుంది. మంట బాగానే ఉంటుంది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చుని మాట్లాడుకుంటాం. ఎవరైనా నేను వస్తానని ఎదురుచూడటం నాకు కొత్త. ఇంట్లో నేను ఎప్పుడూ ఉంటాను కదా, ఉన్న మనిషి కోసం ఎవరు ఎదురుచూస్తారు?

అందుకే మళ్లీ రాస్తున్నాను. మామూలు పిస్టనే వెయ్యి. నెల మొదటి సోమవారానికి నాలుగు రోజులు ముందైనా పెట్టె నాకు చేరాలి.

వదిన

*

లేత్ షాపు,
మంగళవారం

వదినా,

బోరు కొట్టడం అయింది. పెట్టెలో బ్యారెల్, పిస్టన్, రింగులు, పిన్ను, క్లిప్పులు, గాస్కెట్లు ఉన్నాయి. రింగుల మీద అక్షరం పైకి రావాలి. క్లిప్పులు కొత్తవే వాడు.

ఆ సైజులో మామూలు పిస్టన్ దొరకలేదు. చాలాచోట్ల అడిగా. తెప్పించాలంటే సోమవారానికి అందదు. అందుకని ఉన్నది, హై కంప్రెషన్‌దే పెట్టా. అలవాటైతే కిక్కు పెద్ద కష్టం కాదు. లివర్ పైదాకా తెచ్చుకుని, బరువంతా ఒక్కసారిగా వేసి తొక్కు. సగంలో వదలొద్దు.

అన్నయ్య ఎలా ఉన్నాడు? మాట్లాడి చాలా రోజులైంది.

ఉంటాను.

చిన్నోడు

*

కొండవాలు ఇల్లు,
శనివారం

చిన్నోడికి,

పెట్టె నేను అడిగిన రోజుకే వచ్చింది. దొరకనిదానికి నువ్వు మాత్రం ఏం చేస్తావు అనుకున్నాను. రింగుల అక్షరం పైకి పెట్టాను, కొత్త క్లిప్పులు వేశాను, బోల్టులు మూల నుంచి మూలకు కొంచెం కొంచెంగా బిగించాను. మీ అన్నయ్య ఈసారి తప్పు పట్టలేదు. పనయ్యేదాకా పక్కనే కూర్చుని, టీ కూడా తనే పెట్టి ఇచ్చాడు. నాకు సంతోషమేసింది. ఆ మాట ఇప్పుడు రాయాలంటే సిగ్గుగా ఉంది.

మొదటి కిక్కుకి లివర్ సగం దాకా దిగి ఆగింది. రెండోసారి ఎగిరి తొక్కితే ఎదురు తన్నింది. లివర్ వచ్చి కాలి ముందు ఎముకకు తగిలి అక్కడే కూలబడ్డాను. మీ అన్నయ్య "అయ్యో" అన్నాడు. అని, "నేను చెప్పలేదూ, ఇది ఆడవాళ్ల వల్ల అయ్యే పని కాదని" అన్నాడు. ఎప్పుడు చెప్పాడో నాకు గుర్తులేదు. కాలికి గుడ్డ చుట్టుకుని ఆదివారమంతా సాధన చేశాను. ఇంటి ముందు వాలులో గేరు వేసి దొర్లిస్తే స్టార్టయింది. కిక్కుతో మాత్రం ఒక్కసారీ కాలేదు.

యార్డు నేల చదును. దొర్లించడానికి వాలు లేదు.

సోమవారం ఇంటి ముందు దొర్లించి స్టార్ట్ చేసి కిందికి దిగాను. మీ అన్నయ్య పాల వ్యాన్లో వచ్చాడు. యార్డులో సూపర్‌వైజర్ ఇంజన్ ఆపించి, "ఊఁ, మొదలుపెట్టమ్మా" అన్నాడు. బండలెత్తేవాళ్లు పని ఆపి చుట్టూ నిలబడ్డారు. తొక్కాను. మళ్లీ తొక్కాను. కొందరు మొదట "కొట్టక్కా, కొట్టు" అన్నారు. తర్వాత ఆ మాట కూడా మానేశారు. అది ఎక్కువ బాధగా ఉంది. చివరికి సూపర్‌వైజర్ లోడింగ్ మనిషిని పిలిచాడు. భారీ మనిషి. ఒక్క కిక్కు. బండి లేచి నిలబడ్డట్టు మోగింది. "బండి బ్రహ్మాండంగా ఉందమ్మా, మనిషే సరిపోలేదు" అన్నాడు సూపర్‌వైజర్. మంచిగానే అన్నాడు. రూటు ఆ లోడింగ్ మనిషికే రాశారు, ఏడాదికి. ఏజెన్సీ బండి మీదే వెళ్తాడు.

చేతులు కడుక్కుందామని కాటా వెనక పంపు దగ్గరికి వెళ్లాను. అవతల మీ అన్నయ్య, గుమాస్తా మాట్లాడుకుంటున్నారు.

"పాపం, మీ ఆవిడ చాలా కష్టపడిందయ్యా."

"దాని వల్ల కాదని ముందే తెలుసులే."

"తెలిసి మరి ఎందుకు రానిచ్చావు?"

"నేను వద్దంటే వింటుందా? ఇప్పుడు బండే వద్దంది. మా తమ్ముడు చూసి పంపాడు."

గుమాస్తా నవ్వాడు. మీ అన్నయ్య కూడా నవ్వాడు, ఏడాది తర్వాత మొదటిసారి. ఆ నవ్వు కోసం నేను ఎన్ని వేషాలు వేశానో నీకు తెలియదు.

యార్డు మెకానిక్‌ని పట్టుకుని ఆ సైజు మామూలు పిస్టన్ ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగాను. డ్రాయరు లాగి చూపించాడు. "ఇది దొరక్కపోవడమేంటమ్మా, అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయేది ఇదే" అన్నాడు.

నాకు ఒక్కటే చెప్పు. నీ షాపులో ఆ రోజు మామూలు పిస్టన్ ఉందా, లేదా?

వదిన

*

లేత్ షాపు,
గురువారం

వదినా,

ఉంది. రెండూ ఒకే అరలో పక్కపక్కన ఉన్నాయి. మామూలుది చేతిలోకి తీసుకున్నా కూడా.

అన్నయ్య ఆస్పత్రి నుంచి ఫోన్ చేశాడు. ఒక గురువారం కాదు, రెండు గురువారాలు. మొదట తిట్టాడు, నవ్వాడు, తర్వాత ఏడ్చాడు వదినా. అన్నయ్య ఏడవటం నేనెప్పుడూ వినలేదు. "అది పొద్దున్నే తాళం తీసుకుని వెళ్లిపోతుంది. నేను కుర్చీలో కూర్చుని బండి చప్పుడు వింటూ ఉంటా. ఏ మలుపులో ఉందో చప్పుణ్ణి బట్టి తెలుస్తుంది. నా రూటు, నా బండి, ఇంట్లో మాత్రం నేను. ఏడాది ఆగితే నేను లేస్తానురా, ఈలోపు దాని పేరు రాయించుకుంటే ఇంక నాకెవరిస్తారు?" అన్నాడు. నీకు దెబ్బ తగులుతుందేమోనని భయంగా ఉందని కూడా అన్నాడు. ఆ మాట పట్టుకున్నా నేను. నీ మంచికే అని నాకు నేను చెప్పుకోవడానికి ఏదో ఒకటి కావాలిగా.

ఎదురు తంతుందని నీకు రాసింది నేనే. మర్చిపోలేదు. నీ కాలు ఎలా ఉంది?

అన్నయ్య లేవడని, ఇక బండెక్కలేడని నాకూ తెలుసు, నువ్వు రాశావుగా. అది అన్నయ్యతో అనే ధైర్యం లేక, నీకు అబద్ధం రాశా. నీతో అబద్ధమాడటమే తేలికనిపించింది. నువ్వు క్షమిస్తావని ముందే అనుకున్నట్టున్నా.

మామూలు పిస్టన్, రింగులతో సహా రేపు వ్యాన్లో పంపుతా. అన్నయ్యకి మాత్రం నేను పంపినట్టు చెప్పొద్దు. బయట కొన్నానని చెప్పు. తనకి మిగిలింది నేనొక్కణ్ణే అనుకుంటున్నాడు.

అమ్మ లేని నాకు అమ్మలా అన్నం పెట్టావు. ఒక్కసారికి వదిలెయ్యి వదినా.

చిన్నోడు

*

కొండవాలు ఇల్లు,
శుక్రవారం

లేత్ షాపు వారికి,

మీరు పంపిన పెట్టె విప్పలేదు. అదే వ్యాన్లో తిరిగి వస్తోంది. దానితోపాటు ఉబ్బుతల పిస్టన్ కూడా కడిగి, ఆయిల్ రాసి, కాగితంలో చుట్టి పంపుతున్నాను. పాడవలేదు. ఇసక దిబ్బల వాళ్లెవరికైనా పనికొస్తుంది.

మామూలుది యార్డు మెకానిక్ దగ్గర తీసుకున్నాను. ఇంజన్ మళ్లీ వరండాలోనే, మీ అన్నయ్య కుర్చీ ముందే విప్పాను. చదును తల పిస్టన్ చూడగానే ఆయనకు అర్థమైంది. "ఎవరిచ్చారు?" అని అడిగాడు. "మీ తమ్ముడి అరలో ఉన్నదే బయట కూడా ఉంది" అన్నాను. మీ సంగతి దాచమన్నారు, దాచలేదు. మీ ఇద్దరి మధ్య రహస్యాలు మొయ్యడానికి నాకు రూటు లేదు.

కొత్తది వేసి బిగించాను. చివర్లో ఒక బోల్టు దొర్లి ఆయన కాలి దగ్గరికి వెళ్లింది. తీసి ఇస్తాడేమోనని చూశాను. ఆయనా చూశాడు, నేను లేచి తెచ్చుకుంటానని. తెచ్చుకున్నాను.

బండి రెండో కిక్కుకి స్టార్టయింది. కాలు ఇంకా పూర్తిగా మానలేదు, లేకపోతే మొదటి దానికే అయ్యేది. ఏం చేయాలో తోచక పైకి వెళ్లాను. చివరి మలుపులో టీచరు చప్పుడు విని బయటికొచ్చింది. వెనక కట్టిందేమీ లేకపోవడం చూసి, "బండ తేలేదా?" అంది. "లేదండీ, ఊరికే వచ్చాను" అన్నాను. "ఊరికే ఎందుకమ్మా ఇంత ఎత్తు, పెట్రోలు దండగ" అంది. ఆవిడ తప్పు లేదు. అప్పటికే కొత్తతను బండ వేసి వెళ్లాడట, చాలా చురుకైన మనిషట, చిటికెలో వెలిగించి వెళ్లాడట. మంట చూడ్డానికి మాత్రం ఆగడట. కూర్చోమంది. నేనే ఆగలేకపోయాను.

మీరు అమ్మ మాట ఎత్తారు. ఆకలేసి అడిగిన పిల్లాడికి అన్నం పెట్టడం గొప్ప కాదు, ఎవరైనా పెడతారు. నేను మిమ్మల్ని అడిగింది ఒక పిస్టన్. అది మీ అరలోనే ఉంది, మీ చేతిలోకే వచ్చింది. మీ అన్నయ్య ఏడ్చాడని రాశారు. ఏడ్చే ఉంటాడు. నేను ఫోన్ చేసి ఏడవలేదు. కాగితం మీద కారణాలు రాసి పంపాను. ఈసారి తెలిసింది ఏది తూకానికి వస్తుందో.

ఇంకొక సంగతి నేనే రాస్తున్నాను, ఎందుకంటే మీకు ఫోన్లో ఇంకోలా చేరుతుంది. నిన్న పాల వ్యాన్ చెడిపోయింది. ఆస్పత్రికి వెళ్లే దారి లేదు. మీ అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి, బండి వైపు చూసి, నా వైపు చూశాడు. నేను బండలు కట్టే స్టాండు మీద దిండు వేసి, కాళ్లు రెండూ ఒకవైపే పెట్టి కూర్చోమన్నాను. కూర్చున్నాడు. పడకుండా బండల బెల్టే నడుముకి చుట్టి బిగించాను. నా భుజం పట్టుకోమంటే పట్టుకోలేదు, స్టాండు కమ్మీ పట్టుకున్నాడు. యార్డు ముందు నుంచే వెళ్లాలి, వేరే దారి లేదు. లోడింగ్ వాళ్లు చూశారు. గుమాస్తా చూశాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, కనీసం ఇద్దరం కలిసి ఒకళ్లని తిట్టుకునేవాళ్లం.

ఆస్పత్రి మెట్ల దగ్గర బెల్టు విప్పి, చెయ్యి అందించాను. ఈసారి పట్టుకున్నాడు.

"ఎన్నింటికి రానూ?"

"గంటలో అయిపోతుంది. తొందరగా రా" అన్నాడు. వెంటనే "కాస్త" అని చేర్చాడు. అలా బతిమాలే మాట ఆయన నోట విని ఎన్నేళ్లయిందో.

బంకు పక్కన నీడలో ఇంజన్ ఆపుకుని కూర్చున్నాను. పనేం లేదు. గంట అయింది. వెళ్లలేదు. ఇంకాసేపు కూర్చున్నాను, ఆ తర్వాత ఇంకాసేపు. నేను వెళ్లేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని, బండి చప్పుడు ఎటువైపు నుంచి వస్తుందా అని రోడ్డుకేసి చూస్తున్నాడు. నన్ను చూసి లేవబోయి, లేవలేక, నవ్వాడు.

ఎందుకు ఆలస్యమైందని అడగలేదు. అడుగుతాడని ఇంటిదాకా ఎదురుచూశాను.

ఇట్లు,
వదిన